రెండోసారి

తెల్లారి నాలుగున్నర.
హార్బరు జెట్టీ మీద ఐసు మిషను
ఇంకా దగ్గుతానే ఉంది.
నా ముందు సూర సేపలు వరసగా,
తోమిన సత్తు బిందెల్లాగ.

పాట మొదలెట్టినాను.
నలబై ఏళ్ళుగా ఇదే గొంతు.
గొంతుకన్నా ముందు కళ్ళు.
వేలం పాడించేవోడికి ఎదర సూపుతో పనేటి?
ఎదరున్నోడు ఎలాగూ అరుస్తాడు.
అసలు బేరగాడు పక్కన నిలబడతాడు,
తువ్వాలు కింద వేలు కదుపుతాడు.
ఆ వేలిని కంటి కొసతో పట్టుకోవాల.

ఆ కొసలే పోయినాయి నాకు.

పోతన్నట్టు తెలీలేదు.
నొప్పి లేదు, నీరు కారలేదు.
ముందు ఎడం పక్కనుండి గనగళ్ళ సోములు పోయినాడు.
మడిసున్నాడు, పాడతన్నాడు,
నా కంటికే లేడు.
"నా పాట తినేసినావురా పరదేశీ" అని
నలుగురిలో సొక్కా పట్టుకున్నాడు.
నిజమే. పన్నెండొందల సరుకు
తొమ్మిదొందలకి కొట్టేసినాను.

పెదవాల్తేరు కంటాసుపత్రిలో
గెడ్డం ఓ పీట మీద పెట్టమన్నారు,
తెల్ల గిన్నెలోకి సూడమన్నారు.
సుక్క ఎలిగితే బొత్తాం నొక్కాలంట.
ఇదీ పాటే గదా అనుకున్నాను,
ఎలుగులు పాడతాయి, నాను కొట్టాల.
శానాసేపు పాడినాయంట.
నా బొత్తాం మాత్రం
ఎప్పుడో ఓసారి టిక్కుమంది.
కాయితం మీద నా సూపు అచ్చేసి ఇచ్చినారు:
సుట్టూ నలుపు,
నడుమ బోటు కిటికీ అంత తెలుపు.
"నీటికాసులు" అన్నాది డాక్టరమ్మ.
నాకు తెలిసిన కాసులు వేరు.

పొద్దుటొక సుక్క, రాత్రొక సుక్క.
బతికున్నన్నాళ్ళూ.

సిట్టా రాసే దానేశ్వరి ఫోనులో ఏటో సూసి సెప్పిందని
మళ్ళీ ఎల్లినప్పుడు నానే అడిగినాను:
"బీ త్రీ ఇటమిను మాత్రంట,
కంటి నరానికి బలమంట. నిజమేనా అమ్మా?"
ఆవిడ అవునన్లేదు, కాదన్లేదు.
పెన్ను మూత పెట్టింది, తీసింది.
"పరీక్షలు జరుగుతున్నాయి.
కొందరికి మేలు కనపడింది, ఇంకా తేలలేదు.
పోయిన చూపు రాదు.
ఉన్న నరానికి కాస్త కూడు దొరకొచ్చు.
ముందు లివరు టెస్టు చేయించు,
నేను చెప్పినంతే మింగు.
చుక్కలు మాత్రం మానకు."
అంత ఆచితూచి పాడే బేరగాణ్ణి
నాను జెట్టీ మీద సూళ్ళేదు.

"తిండిలో దొరకదా అది?"
"దొరుకుతుంది. వేరుశెనగలు, కోడి, సూర చేప."

నవ్వాపుకోలేకపోయినాను.
టన్నులకి టన్నులు సూర
ఎవడి లారీకో ఎక్కించినోణ్ణి.
ఇంటికి నెత్తళ్ళు పట్టుకెళ్ళినోణ్ణి, సవగ్గా ఒస్తాయని.
"అయితే ఇకనుండి సూరే తింటాను."
"నీకు రాసినంత మందు సూరలో రావాలంటే
బోటు కొనుక్కోవాలి పరదేశీ."

కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపు.
సీసా ధర అడిగి, అలవాటు సొప్పున
సగానికి పాడినాను.
ఆడు కళ్ళద్దాల మీదనుండి సూసినాడు.

"ఇటమిను ఉండగా ఇంక సుక్కలెందుకురా,
మంట కూడాను" అన్నాడు మా బావ ఎర్రయ్య.
మూడు రోజులు మానినాను.
సెప్పుకోడానికి సిగ్గు.
దానేశ్వరి సుక్కల సీసా ఎత్తి ఊపి సూసింది,
సిట్టా తీసి, సేపల లెక్క కిందే రాసింది:
పరదేశి మావ, ఆరు సుక్కలు బాకీ.

ఇప్పుడు పాటప్పుడు నా ఎడం పక్కన అదే.
మోసేతి మీద ఒకసారి తడితే సోములు,
రెండుసార్లయితే కాకినాడోళ్ళు.
సోములు కూడా ఈమధ్య
వేలెత్తే ముందు దగ్గుతన్నాడు.
నాకోసమని సెప్పడు.
పొగాకు దగ్గంటాడు.

మాత్ర పని సేస్తందా?
తెలీదు.
ఆరు నెలల తరవాత
పాత కాయితం, కొత్త కాయితం పక్కపక్కన పెట్టి
డాక్టరమ్మ శానాసేపు సూసింది.
"అలాగే ఉంది" అన్నాది.
మాత్ర వల్లో సుక్క వల్లో ఆవిడా సెప్పలేదు.
రేటు పడలేదంటే సాలు,
ఆ రోజు పావుకిలో జిలేబీ కొన్నాను.

రాత్రి సుక్కేసుకుని
కళ్ళు మూసుకుని పడుకుంటాను.
ఐదు నిమిషాలు తెరవొద్దన్నారు.
ఆ సీకట్లో నా సూపుని ఎవడో పాటకెట్టినాడు,
గొంతు అచ్చం నా గొంతే.
ఒకటోసారి.
రెండోసారి.

లేసి, తడుంకుని,
మాత్ర నోట్లో ఏసుకుని నీళ్ళు తాగుతాను.
తాగి, ఆడి కన్నా గట్టిగా అడుగుతాను:

ఇంకెవరన్నా ఉన్నారా?